పసిడి సుంకం తగ్గినా నిలవని ఊరట

ప్రొద్దుటూరు: పసిడి వ్యాపారానికి పేరొందిన ప్రొద్దుటూరులో బంగారం ధరను నిర్ణయించేది స్థానిక బజారు కాదు. అంతర్జాతీయ ధర, రూపాయి విలువ, కేంద్రం విధించే దిగుమతి సుంకమే దానికి మూలం. 2022 జూలైలో 15 శాతానికి చేరిన సుంకాన్ని 2024 జూలై బడ్జెట్‌లో 6 శాతానికి తగ్గించారు. మూడు శాతం జీఎస్టీతో కలిపి, లక్ష రూపాయల దిగుమతి బంగారంపై పన్ను రూ.18,450 నుంచి రూ.9,180కి దిగివచ్చింది. అక్రమ రవాణాకు గిట్టుబాటు తగ్గింది. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పెళ్లి నగలు కొనే కుటుంబాలకు ఊరట లభించింది. అయితే ఆ తర్వాత అంతర్జాతీయ ధర పెరగడంతో అది నిలవలేదు. పాత సుంకంతో కొన్న నిల్వల విలువ ఒక్కరోజులో పడిపోగా, ఆ భారం మోయాల్సింది వ్యాపారులే. సుంకం తగ్గడం ఎంత అవసరమో, తగ్గిన సుంకం స్థిరంగా ఉండడమూ అంతే అవసరం.