చేసి చూద్దాం: బుల్లి రైలు ఎందుకు పడిపోయింది?



మా కోవూరుకు దగ్గరలోనే పడుగుపాడు స్టేషను ఉంది. అక్కడినుంచి పెన్న వంతెన దాటితే నెల్లూరు. ఆ దారిన పోయే రైళ్ళను చూస్తూ పెరిగిన మా వీధి కుర్రవాడొకడు, 7వ తరగతి చదివేవాడు, ఇంట్లోనే ఒక రైలుమార్గం కట్టాలని పూనుకున్నాడు. వాడి మేనమామ చెన్నైనుంచి ఒక బుల్లి ఇంజను, మూడు పెట్టెలు, కాసిని పట్టాలు తెచ్చి ఇచ్చాడు.

వాడు తిన్నగా నా దగ్గరికి వచ్చి, "మాష్టారూ, మొదట ఏం చెయ్యాలి?" అన్నాడు.

"మొదట లెక్క చెయ్యాలి" అన్నాను.

బొమ్మ రైళ్ళలో ఎక్కువ వాడుకలో ఉన్న కొలతను "హెచ్ ఓ" అంటారు. అంటే అసలు రైలులో 87వ వంతు. జర్మనీలోని హాంబర్గు నగరంలో 2001లో తెరిచిన పేరుమోసిన బొమ్మరైళ్ళ ప్రదర్శన కూడా ఈ కొలతలోనే ఉంది. ఇందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో గుణించండి. సుమారు 1435 వస్తుంది. అది ఐరోపాలోనూ అమెరికాలోనూ ఎక్కువగా ఉన్న పట్టాల వెడల్పు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. కనుక మన లెక్క ప్రకారం బొమ్మ పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఆ కాస్త తేడాకు మనవాడు ఒప్పుకున్నాడు.

మరొక లెక్క. ఈ కొలతలో ఒక కిలోమీటరు వేయాలంటే పదకొండున్నర మీటర్ల చోటు కావాలి. వాడి ఇంటి వరండా మొత్తం కలిపినా అంత లేదు! అందుచేత ఒక ప్లాట్‌ఫారం, చిన్న వంతెన, ఒక గేటు మాత్రం ఉంచి, తక్కినవి వదిలేశాడు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడమే నమూనా కట్టేవాళ్ళు నేర్చుకోవలసిన మొదటి పాఠం.

రెండు ప్లైవుడ్ చెక్కలు పక్కపక్కన జోడించి పట్టాలు బిగించాడు. అట్టతో వంతెన స్తంభాలు చేశాడు. బంక పూసి, పెన్న ఇసుక చల్లి నది చేశాడు. ప్లాట్‌ఫారం మీద తెల్లబట్టల స్టేషను మాస్టరునూ, జెండా పట్టిన గార్డునూ నిలబెట్టాడు. ఇక బండి నడిపాడు. ఒక మలుపు దగ్గర అది పట్టాలు తప్పి పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు వాడు అన్నిటినీ పెట్టెలో సర్దెయ్యబోతూంటే నేను వెళ్ళాను.

"ఆగరా! ఒక్కొక్క పెట్టెనే ఇంజనుకు తగిలించి చూడు. ఒకే పెట్టె అన్నిచోట్లా పడితే తప్పు పెట్టెది. అన్ని పెట్టెలూ ఒకేచోట పడితే తప్పు పట్టాలది. ఒకేసారి రెండు మార్పులు చెయ్యకు. చూసినది చూసినట్టు పుస్తకంలో రాసుకో" అన్నాను.

రాశాడు. మూడు పెట్టెలూ ఆ మలుపులోనే పడ్డాయి. అయితే అక్కడ ఏమిటి తప్పు? నా కళ్ళద్దాలకు ఏమీ కనబడలేదు.

అంతలో వాడి నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. ఆయన రైల్వేలో కీమాన్. తన వంతు లైను పొడవునా రోజూ నడిచి, సడలిన క్లిప్పులు బిగిస్తూ, పట్టా ఎక్కడైనా చెడిందేమో చూడటం ఆయన పని. ఎండైనా వానైనా తప్పదు. ఆయన సంచీ గోడకు తగిలించి, నేలమీద వంగి, చెంప చెక్కకు ఆనించి, ఒక కన్ను మూసి పట్టా వెంబడి చూశాడు. ఆపైన గోరుతో పట్టా తడిమాడు. ఒకచోట గోరు తట్టుకుంది.

"అయ్యవారూ, బండిది కాదు తప్పు. దారిది" అన్నాడు.

రెండు చెక్కలు కలిసేచోటే పట్టా అతుకు కూడా పడింది. ఒక చెక్క కొద్దిగా కుంగడంతో అతుకులో చిన్న మెట్టు ఏర్పడింది. బొమ్మ చక్రాన్ని పట్టామీద నిలిపే అంచు సుమారు ఒక మిల్లీమీటరు. ఆ మెట్టు చాలదూ ఎగరడానికి? అసలు రైలు చక్రానికైనా కొత్తలో ఆ అంచు 28.5 మిల్లీమీటర్లే. అంత పెద్ద బండినీ, అందులోని వందలమందినీ దారిలో ఉంచేది మీ బొటనవేలంత అంచు, దాని కింద చదునుగా ఉన్న పట్టా!

"మేం పట్టా కుంగినచోట కంకరతో ప్యాకింగ్ చేస్తాం, అబ్బయ్యా. నువ్వు అట్టముక్కతో చెయ్యి" అన్నాడు నాన్న.

కుంగినవైపు పాత పోస్టుకార్డు ముక్కలు రెండు దూర్చారు. రసమట్టం పెట్టి చూశారు. సన్నని గరుకు కాగితంతో అతుకు రుద్దారు. బండి 20 చుట్లు తిరిగింది. ఒక్కసారీ పడలేదు.

మర్నాడు వాడు నాతో ఒక మాట చెప్పాడు. వాడు ఒప్పుకున్నాడు గనుకనే ఇక్కడ రాస్తున్నాను. బడిలో ఎవరైనా అడిగితే, "మా నాన్న స్టేషనులో ఆఫీసరు" అని చెబుతూ వచ్చాడట. నేను వాణ్ణి ఏమీ అనలేదు. "మనిషి ఎత్తు 170 సెంటీమీటర్లయితే, 87వ వంతు ఎంతరా?" అని మాత్రం అడిగాను.

"రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ" అన్నాడు.

ఆ సాయంత్రం వెళ్ళి చూద్దును కదా, వంతెన పక్కన అగ్గిపుల్ల ముక్కతో చేసిన కొత్త మనిషి ఉన్నాడు. నారింజరంగు చొక్కా, భుజాన సుత్తి. వాడి నాన్న ఆ బొమ్మను చాలాసేపు చూసి, "సుత్తి కుడి భుజాన పెట్టరా" అన్నాడు.

ఈ నెల మీ పని: పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే రెండు కాగితం కప్పులు తీసుకోండి. మూతులు ఎదురెదురుగా కలిపి అతికించండి. రెండు పొడుగు కర్రలను పట్టాల్లా కొంచెం వాలుగా పెట్టి, కప్పుల జతను దొర్లించండి. పక్కకు జరిగినా మళ్ళీ మధ్యకే వస్తుంది. ఇప్పుడు అడుగులు కలిపి అతికించి దొర్లించండి. పడిపోతుంది! అసలు రైలు చక్రం కూడా లోపలివైపు లావుగా, బయటివైపు సన్నగా ఏటవాలుగా ఉంటుంది. కారణం మీరే ఆలోచించండి.

ఒక్క హెచ్చరిక. బొమ్మ రైలును దాని 12 వోల్టుల పెట్టెతోనే, పెద్దవాళ్ళు దగ్గరుండగా నడపండి. కొలతలకోసం అసలు పట్టాల దగ్గరికి ఎన్నడూ పోవద్దు. ఆ పనికి కీమాన్‌లు ఉన్నారు.