కొల్లేటి వాలుగకు గడ్డుకాలం

కొల్లేటి ప్రాంతంలో చేపకు కొదవ లేదు. చెరువుల్లోని శీలావతి, బొచ్చె లారీలకెక్కి బెంగాల్ వరకు పోతున్నాయి. కొదవల్లా సరస్సులో తనంత తాను పెరిగే నాటు చేపకే. వాలుగ అందుకు ఉదాహరణ.

ఇది కొల్లేటికే పరిమితమైన చేప కాదు. దేశంలో పలు నదుల్లో, చెరువుల్లో ఉన్నదే. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ముప్పునకు లోనైన జాతుల్లో చేర్చింది.

వాలుగ తొలకరి వరదకు మెరక నీటిలోకి చేరి గుడ్లు పెడుతుంది. చెరువు గట్లు ఆ దారిని మూసివేస్తున్నాయి. చిన్న చేపలను మింగుతుంది గనుక పెంపకందార్లు దీనిని మిగలనివ్వరు. మురుగునీటిలో కొర్రమేను పైకి వచ్చి గాలి పీల్చి బతుకుతుంది. వాలుగకు ఆ వీలు లేదు.

1999లో కొల్లేరును అయిదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రాంసార్ జాబితాకెక్కింది. 2006లో అక్రమ చెరువుల గట్లు తెగగొట్టారు. తర్వాత పలుచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

చెరువు లేక వలనే నమ్ముకొన్న పేద జాలరికి నాటు చేపే కూడు. కాబట్టి గట్లు తెంచడంతోనే పని తీరదు. తొలకరిలో చిన్న కన్ను వలలు ఆపించి, సముద్ర జాలరులకు వేట నిషేధకాలంలో ఇస్తున్నట్లే వీరికీ భృతి ఇవ్వవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.