ఓపిక ఒక్కటే చాలదు

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పేవారిని చూస్తే అందరి నోటా వచ్చే మాట ఒకటే: "మీకెంత ఓపికండీ! పుణ్యం చేసుకుంటున్నారు." సన్మాన సభల్లో నాయకులూ, స్టాఫ్ రూములో తోటి టీచర్లూ, తల్లిదండ్రులూ మంచి మనసుతోనే అంటారు. అయినా ఈ అభిప్రాయం ఆ పిల్లలకే నష్టం చేస్తోంది.

మూడో తరగతి పిల్లవాడు వర్ణమాల గడగడా అప్పజెబుతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ప, వ, ష, స కలగాపులగమవుతాయి. ఒత్తు దగ్గర ఆగిపోతాడు. కారణం చూపు కావచ్చు, డిస్లెక్సియా కావచ్చు, బడికి సరిగా రాకపోవడమూ కావచ్చు. ఓపికే ఆధారమైన టీచరు అదే పదం యాభైసార్లు రాయిస్తారు. శిక్షణ పొందినవారు తడబాటు ధ్వనిలోనా, ఆకారంలోనా అని పరీక్షించి, వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పాలో ఆ ఒక్కడి కోసం ప్రణాళిక రాసుకుంటారు. మాట రాని ఆటిజం పాపకు బొమ్మల కార్డు చూపించి నీళ్లు అడగడం నేర్పుతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఎలా కూర్చోబెడితే చేయి పలక మీదికి చేరుతుందో ఫిజియోథెరపిస్టుతో కలిసి తేలుస్తారు. దయ ఉన్నంత మాత్రాన ఈ విద్య రాదు.

ఓపిక లేకుండా ఈ పని సాగుతుందా అంటారు. సాగదు. కానీ ఏం చేయాలో తెలియని ఓపిక పిల్లవాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టి, బొమ్మకు రంగులేయమని చెప్పి ఏడాది గడిపేస్తుంది. మాట, నడక, చదువు నేర్పడానికి అనువైన చిన్నవయసు అలాగే జారిపోతుంది.

ఇది నిపుణుల పని అని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం గుర్తింపు పొందిన అర్హత, నమోదు లేకుండా ఈ వృత్తి చేయడం నేరం. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. పోస్టులు నోటిఫై చేయమని 2025 మార్చిలో రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఈలోగా మన మండలాల్లో ఈ పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలు ఎవరి మీద నడిచాయి? ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్న రిసోర్స్ టీచర్ల మీద. కేంద్రంలో పాఠం చెప్పాలి, బడులు తిరగాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లాలి. పుణ్యం అని పేరు పెట్టేశాక జీతం, భద్రత, పిల్లల సంఖ్యకు హద్దు అడగడం స్వార్థంలా కనిపిస్తుంది. శాలువా కప్పిన ప్రభుత్వానికి పోస్టు మంజూరు చేయాల్సిన అవసరం తప్పిపోతుంది. అందుకే ఈ పొగడ్తను నేను వ్యతిరేకిస్తున్నాను.

కోర్టు చెప్పిన నిష్పత్తిలో రెగ్యులర్ పోస్టులు నింపాలి. ఏళ్లుగా పనిచేస్తున్న అర్హుల అనుభవానికి అందులో విలువ ఇవ్వాలి. తల్లిదండ్రులు కూడా దండం పెట్టి వచ్చేయకుండా రెండు ప్రశ్నలు అడగాలి: మా బిడ్డకు రాసిన ప్రణాళిక ఏది? గత మూడు నెలల్లో అందులో ఎంత సాధించాం? ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగల మనిషిని ప్రతి బడికీ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత.