శిబ్‌పూర్ నడకదారిలో సామర్లకోట పేరు ఉండాలి

కలకత్తా వెళ్లిన మనవాళ్లు కాళీఘాట్, దక్షిణేశ్వర్ చూసుకుని రైలెక్కేస్తారు. హుగ్లీ అవతల, హౌరా శివారులోని శిబ్‌పూర్‌కి ఒక్క పూట కేటాయించమంటాను, ముఖ్యంగా గోదావరి జిల్లాల వాళ్లని.

మా అబ్బాయి అక్కడ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకు ఆ నడక అలవాటైంది. వాడి కాలేజీ ఆవరణ ఒకప్పుడు బిషప్స్ కాలేజీది, 1820 నాటిది. ఆ పాత కట్టడాలు చూసి బయటికొస్తే పక్కనే బొటానికల్ గార్డెన్. అక్కడివాళ్లకి అది 'బి గార్డెన్'. కర్నల్ రాబర్ట్ కిడ్ 1787లో మొదలుపెట్టిన తోట, 273 ఎకరాలు. అందరూ నేరుగా మహామర్రి దగ్గరికే వెళ్తారు. తెగులు పట్టిన అసలు మానుని 1925లోనే తీసేశారు. ఇప్పుడు ఆ చెట్టంతా ఊడల మీదే నిలబడింది. లేత ఊడల్ని వెదురు బొంగుల్లోంచి నేలకి దించే తోటమాలుల ఓర్పు చూసి తీరాలి. అక్కడితో ఆగిపోకుండా నది ఒడ్డున ఉన్న రాక్స్‌బర్గ్ ఇంటి దాకా నడవండి.

1793లో ఈ తోట బాధ్యత తీసుకోకముందు విలియం రాక్స్‌బర్గ్ మా సామర్లకోటలో పదేళ్లకు పైగా ఉన్నాడు. మిరియాల తోట వేయించాడు. వానల లెక్కలు రాశాడు. మన రైతులు చెరకు నాటి బెల్లం వండే తీరంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి లండన్ పంపాడు. 1795 నుంచి అక్కడ అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి, మొక్కలకి మనవాళ్లు పిలిచే పేర్లూ ఉన్నాయి. గీసినవాళ్ల పేర్లు మాత్రం లేవు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కాలేజీ నుంచి నది దాకా ఈ దారికి గుర్తుపలకలు పెట్టాలి. లారీలు తిరిగే ఆందుల్ రోడ్డు పక్కన పెద్దవాళ్లు, పిల్లలు భయపడకుండా నడిచే వీలుండాలి. రాక్స్‌బర్గ్ ఇంటి ముందు సామర్లకోట పేరు, పేరు తెలియని ఆ తెలుగు చిత్రకారుల ప్రస్తావన చెక్కించాలి. తోటని చూసుకునేది బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా. మన ప్రభుత్వం వాళ్లకి ఓ ఉత్తరం రాస్తే కదలిక వస్తుంది. సామర్లకోటలోనూ, భీమేశ్వరస్వామి దర్శనానికి వచ్చే వేలమంది కంటపడేచోట, ఇదే కథ చెప్పే పలక ఒకటి నిలబెట్టాలి.