వెన్న రాయని రొట్టె

బేగెల్ అని అమెరికాలో ఒక రొట్టె ఉంది. చూపులకు మన గారెకు దూరపు చుట్టం. నడుమ చిల్లు, పైన గట్టి పెచ్చు. ఉత్తదే నమిలితే గొంతు దిగదు కాబట్టి క్రీమ్ చీజో, వెన్నో దట్టంగా పట్టించి తింటారు. కొన్నేళ్ల కిందటి దాకా అక్కడి విశ్వవిద్యాలయ క్రీడల్లో ఈ రొట్టె గురించి ఒక నియమం ఉండేది. ఆటగాళ్లకు చిరుతిండిగా పండ్లు పెట్టొచ్చు, బాదంపప్పుల్లాంటివి పెట్టొచ్చు, బేగెల్ పెట్టొచ్చు. దాని మీద మాత్రం ఏమీ రాయకూడదు. రాస్తే అది భోజనం లెక్కలోకి వెళ్తుంది. లెక్కకు మించి ఒక పూట భోజనం పెడితే ఆటగాడికి ప్రతిఫలం ముట్టజెప్పినట్టే. లక్షమంది పట్టే స్టేడియాలు కట్టి, టీవీ హక్కులను వందల కోట్ల డాలర్లకు అమ్ముకునే వ్యవస్థ, ఒక కుర్రవాడి రొట్టె మీద వెన్నపూత ఉందా లేదా అని వంగి చూసేది.

2014లో కనెక్టికట్ విశ్వవిద్యాలయాన్ని బాస్కెట్‌బాల్‌లో జాతీయ విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు తినడానికేమీ లేక ఆకలితోనే పడుకున్నానని విలేకరులతో అన్నాడు. ఆ నెలలోనే భోజనాల మీద ఆంక్షలు ఎత్తేశారు.

అక్కణ్నుంచి ఇక్కడికి ఎంత దూరం వచ్చారో చూడండి. 2025 జూన్ 6న కాలిఫోర్నియాలో ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, ఆటగాళ్ల దావాల్లో కుదిరిన ఒక రాజీ ఒప్పందానికి ఆమోదముద్ర వేశారు. పాత ఆటగాళ్లకు బకాయిల కింద పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఇప్పటివాళ్లకు ఒక్కో విశ్వవిద్యాలయం తొలి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. జులై 1 నుంచి పంపకం మొదలైంది. నిన్నటిదాకా వెన్న పూస్తే నేరమన్న చేతులే ఇవాళ చెక్కులు రాస్తున్నాయి. ఇంత డబ్బు ఒక్కసారిగా వచ్చి పడేసరికి, ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న మాట ఒకటే: అదుపు. ఎవరికెంత ఇవ్వాలి, ఎవరు ఎన్నిసార్లు కళాశాల మారొచ్చు, ఎవరు చూసుకోవాలి?

అదుపు వద్దని ఎవరూ అనరు. కానీ ఈ వ్యవహారంలో అదుపు అన్న మాటకు ఒక పూర్వచరిత్ర ఉంది. అది కాస్త తెలుసుకుంటే మంచిది.

‘విద్యార్థి-క్రీడాకారుడు’ అన్న జంటపదం వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఒక చేత పుస్తకం, ఒక చేత బంతి. సరస్వతికి, ఆంజనేయుడికి కలిపి కొబ్బరికాయ కొట్టినట్టు. పదం మాత్రం వకీళ్ల గదిలో పుట్టింది. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కళాశాల తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెన్నిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో ఉండగా పోయాడు కనుక కార్మికులకు ఇచ్చినట్టే పరిహారం ఇప్పించండని భార్య అడిగింది. కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు, అతను ఉద్యోగీ కాదు అని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇలాంటి దావాలకు అడ్డుకట్టగా, కళాశాల క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ అధిపతి వాల్టర్ బయర్స్, ఆయన న్యాయవాదులు కలిసి ఈ పదాన్ని కూర్చి, కనిపించిన ప్రతి నిబంధనలోనూ అతికించారు. 1951 నుంచి మూడున్నర దశాబ్దాలు ఆ కుర్చీలో కూర్చున్న బయర్స్, దిగిపోయాక 1995లో ఒక పుస్తకం రాసి, ఆ పదం ఎందుకు పుట్టిందో తానే చెప్పాడు. తాను పెంచిన వ్యవస్థ మీద తానే మండిపడ్డాడు. పదవిలో ఉండగా రాని జ్ఞానం విశ్రాంతిలో వస్తుందని మన దగ్గరా చాలామంది రుజువు చేశారు లెండి.

పదం దాదాపు అరవై ఏళ్లు కంచెలా నిలబడింది. దానికి తొలి చిల్లు పెట్టినది ఒక వీడియో గేమ్. 1995లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ జట్టును గెలిపించిన ఎడ్ ఒబానన్, ఆ తర్వాత చాలా ఏళ్లకు ఒక స్నేహితుడి ఇంట్లో ఆ గేమ్ చూశాడు. తెర మీద తన జట్టు. అందులో ఎడమచేతి వాటం ఆటగాడు, చొక్కా మీద 31, తన ఒడ్డూ పొడుగూ, తన రంగు. పేరొక్కటే లేదు. 2009లో కోర్టుకెక్కాడు. 2014లో అతని వైపు తీర్పు ఇచ్చినదీ విల్కెనే. ఆ గేముల తయారీ ఆగిపోయి, మళ్లీ 2024లో మొదలైంది. ఈసారి అందులో కనిపించడానికి ఒప్పుకున్న ప్రతి ఫుట్‌బాల్ ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేము కాపీ ఇచ్చారు.

2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒక్కమాటగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. పనిచేసేవాళ్లకు సరైన జీతం ఇవ్వకూడదని యజమానులంతా కూడబలుక్కుంటే ఇంకే రంగంలోనైనా చట్టం ఊరుకోదని న్యాయమూర్తి కావనా విడిగా రాశారు. పదిరోజులు తిరక్కుండానే, జులై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరునూ ముఖాన్నీ ప్రకటనలకు ఇచ్చి డబ్బు సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. (ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు మన కూడళ్లలో ర్యాంకర్ల ఫొటోలు బారులు తీరతాయి. ఆ ముఖాల మీద హక్కు ఎవరిదని మనం ఇంకా అడగనే లేదు.) ఆడపిల్లలకు ఈ మార్పు మేలే చేసింది. లూసియానా జిమ్నాస్ట్ ఒలీవియా డన్, అయోవా బాస్కెట్‌బాల్ తార కైట్లిన్ క్లార్క్ కళాశాలలో ఉండగానే లక్షల డాలర్లు గడించారు. కొత్త రాజీలోని బకాయిల పంపకం మాత్రం వేరే కథ. సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే మగపిల్లలకే పోతోందని, చదువుల్లో స్త్రీ పురుష వివక్ష కూడదన్న 1972 నాటి చట్టానికి ఇది విరుద్ధమని కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు.

ఇక వలసల సంగతి. ఒకప్పుడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లవాడు కళాశాల మారితే ఏడాదిపాటు బెంచీ మీద కూర్చోవాల్సిందే. 2018లో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ వచ్చింది: వెళ్లదలచుకున్నవాడు అందులో పేరు నమోదు చేసుకుంటే చాలు, మిగతా కళాశాలలు పలకరించవచ్చు. 2021లో ఒకసారి మారినా వెంటనే ఆడొచ్చన్నారు. 2024కు కోర్టుల పుణ్యమా అని ఎన్నిసార్లయినా మారొచ్చు. నాలుగేళ్లలో మూడు నాలుగు చొక్కాలు మార్చినవాళ్లు ఇప్పుడు కొల్లలు. పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఏ ఊరు వెళ్తారు వీళ్లంతా అని మనబోటి పాతకాలపు మనసుకు బెంగ. ఆ బెంగలో నిజం లేకపోలేదు. ఒక విశ్వవిద్యాలయంలో చదివిన కోర్సులన్నిటినీ ఇంకొకటి లెక్కలోకి తీసుకోదు. మారిన కొద్దీ డిగ్రీ వెనక్కి జరుగుతుంది.

అయితే ఎదురు ఉదాహరణా ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడు ఫెర్నాండో మెండోజా బర్కిలీలో డిగ్రీ పూర్తిచేసి, ఇంకా ఆడే అవకాశం మిగిలి ఉండటంతో ఇండియానాకు మారాడు. ఓటములకే పేరుమోసిన ఆ జట్టు 2025లో తన విభాగం టైటిల్ గెలిచింది, దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికి వచ్చింది. మరో చివర మాథ్యూ స్లూకా ఉన్నాడు. 2024 సెప్టెంబరులో లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ జట్టుకు వరసగా మూడు మ్యాచ్‌లు గెలిపించి, ఇస్తామన్న లక్ష డాలర్లు ఇవ్వలేదంటూ సీజన్ మధ్యలో మానేశాడు. అలాంటి బాకీ ఏదీ లేదని విశ్వవిద్యాలయం అంది. కాగితం మీద లేని మాటకు సాక్షి ఎవరు? అదుపు కావలసింది ముందుగా ఇక్కడ. రాతకోతలు ఉండాలి, మాట తప్పితే అడిగే చోటు ఉండాలి.

దాని బదులు ఏం వచ్చింది? ఫుట్‌బాల్ వలసలకు ఇకమీదట ఏడాదికి ఒకే కిటికీ అన్నారు: 2026లో అది జనవరి 2 నుంచి 16 వరకు. మన సంక్రాంతి ప్రయాణాల రోజులే. అక్కడ విద్యా సంవత్సరానికి అది నట్టనడుమ. చదువు కోసమే ఈ కట్టడి అనేవాళ్లు ఏడాది చివర్లో పెట్టలేదేం? ఎందుకంటే ఆ తేదీలు ఫుట్‌బాల్ క్యాలెండరువి.

పిల్లలు నిలకడ లేకుండా పోతున్నారని అందరికంటే గట్టిగా వాపోయేది కోచ్‌లే. 2025 నవంబరు చివర్లో, ఓల్ మిస్ అని పిలిచే మిసిసిపి విశ్వవిద్యాలయ జట్టు పదకొండు గెలుపులతో జాతీయ ప్లేఆఫ్ ముంగిట నిలబడి ఉండగా, దాని కోచ్ లేన్ కిఫిన్ పక్క రాష్ట్రపు లూసియానా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆయన బెంచీ మీద ఏడాది కూర్చోవాలని ఏ నియమమూ లేదు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ను తీసేస్తూ, ఇకమీదట పని చేయకుండా ఉన్నందుకు ఆయనకు దాదాపు 7.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి కట్టుబడింది. కొత్త ఒప్పందం కింద ఒక విశ్వవిద్యాలయం అన్ని ఆటల ఆటగాళ్లందరికీ కలిపి తొలి ఏడాది ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తానికి ఇది మూడున్నర రెట్లకు పైమాటే. కోచ్‌ల జీతాలకు పరిమితి పెట్టాలన్న ఊసు ఈ రాజీలో ఎక్కడా లేదు.

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. వృత్తి క్రీడల్లోనూ జీతాలకు పరిమితి ఉంది. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఉంది, ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉంది. అక్కడ ఆటగాళ్ల సంఘం బల్లకు అటువైపు కూర్చుని, బేరమాడి, ఆదాయంలో సుమారు సగం తనవైపు లాక్కుని, అప్పుడు సంతకం పెట్టింది. కళాశాల ఆటగాళ్లకు సంఘం లేదు. వాళ్ల పరిమితిని పెద్ద విశ్వవిద్యాలయాల సగటు ఆదాయంలో 22 శాతంగా న్యాయవాదులు లెక్కగట్టారు. బయటి ప్రకటనల ఒప్పందం 600 డాలర్లు దాటితే కొత్తగా పెట్టిన కమిషన్‌కు చూపించాలి, అది సబబైన ధరే అని ఆ కమిషన్ ఒప్పుకోవాలి. 2014లో నార్త్‌వెస్టర్న్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు సంఘం కోసం ఓటు వేశారు. మరుసటి ఏడాది కార్మిక సంబంధాల బోర్డు తనకెందుకొచ్చిందని చేతులు దులుపుకుంది, ఓట్లు లెక్కించనే లేదు. 2024లో డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13-2తో సంఘం కావాలన్నారు. ఏడాది తిరక్కముందే ఆ ప్రయత్నమూ వెనక్కి తీసుకున్నారు. 2025లో అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చిన స్కోర్ బిల్లు, ఎన్‌సీఏఏకు గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి రక్షణ ఇస్తూ, ఆటగాళ్లు ఉద్యోగులు కారని చట్టంలోనే రాయాలంటోంది. 2025 డిసెంబరులో ప్రతినిధుల సభలో ఓటింగుకు పెట్టబోయి ఆపేశారు. డెన్నిసన్ భార్యకు చెప్పిన మాటనే ఈసారి పార్లమెంటు చేత చెప్పించాలన్నమాట. పరిమితి పెట్టండి, తప్పులేదు. ఆ అంకె వేసేటప్పుడు ఆటగాడిక్కూడా ఒక కుర్చీ వేయాలి కదా.

ఈ లావాదేవీల చప్పుడులో ఒక చిన్న బృందం గొంతు దాదాపు వినిపించలేదు. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఫీజు కట్టుకుని, ఎప్పుడో ఒక మ్యాచ్‌లో నాలుగు నిమిషాలు దింపకపోతారా అని రోజూ తెల్లవారుజామున సాధనకు వచ్చే పిల్లలు. అక్కడ వాళ్లను ‘వాకాన్’ అంటారు, పిలవకుండా నడిచొచ్చినవాడని. కొత్త ఒప్పందం జట్ల సైజుకు పరిమితి పెట్టింది, ఫుట్‌బాల్‌కు 105. ఒప్పందం ఖరారు కాకముందే చాలా కళాశాలలు వీళ్లను ఇళ్లకు పంపేశాయి. విల్కెన్ ఏప్రిల్‌లో కలం పక్కన పెట్టి, వీళ్ల సంగతి తేల్చేదాకా ఆమోదించనన్నారు. చివరికి అలా తొలగించినవాళ్లను లెక్కలో చూపకుండా మళ్లీ తీసుకోవచ్చన్నారు. తీసుకోవాలని కాదు, తీసుకోవచ్చని. నిజమైన విద్యార్థి-క్రీడాకారుడు ఎవరైనా ఉంటే వాడే. ఆ పదం వాడికి మాత్రం అక్కరకు రాలేదు.

మన పిల్లలూ ఈ ప్రపంచం అంచుల్లో ఉన్నారు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో టెన్నిస్ ఆడుతూ, 2024 డిసెంబరులో కళాశాల ఆట వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. నెల తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్ దగ్గర తొలి సెట్ గెలిచాడు. టెన్నిస్ పిల్లలకు ప్రైజ్‌మనీ చిక్కు వేరు. రీస్ బ్రాంట్‌మయర్ అనే అమ్మాయి హైస్కూలు రోజుల్లో, 2021 యూఎస్ ఓపెన్‌లో దాదాపు 49 వేల డాలర్లు గెలిచి, కళాశాల ఆట కోసం అందులో చాలా భాగం వదులుకోవలసి వచ్చింది. 2024లో ఎన్‌సీఏఏ మీద దావా వేసింది. షూ కంపెనీ ఇచ్చేది ఉంచుకోవచ్చు, రాకెట్‌తో గెలిచింది ఉంచుకోకూడదు, అదీ అప్పటి నియమం!

విదేశీ విద్యార్థుల పరిస్థితి మరీ విచిత్రం. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు అమెరికా గడ్డ మీద ప్రకటనల్లో పనిచేయడం కుదరదు. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కార్ షీబ్వే 2022లో జట్టుతోపాటు బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ప్రకటనల పని చేసుకొచ్చాడు. సముద్రం దాటితే తప్ప తన ముఖం తనది కాలేదు.

ఎఫ్-1 కష్టం మన ఇళ్లకు కొత్త కాదు. ఎంఎస్‌కు వెళ్లిన మనవాళ్లు క్యాంపస్ లోపల, సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. క్యాంపస్ క్యాంటీన్లలో, ఆట రోజు స్టేడియం స్టాళ్లలో పాప్‌కార్న్ పొట్లాలు అందించేవాళ్లలో అలాంటి పిల్లలుంటారు. వాళ్లు విశ్వవిద్యాలయ ఉద్యోగులే, అందులో ఎవరికీ సందేహం లేదు. పనిలోకి దిగిన నిమిషం, దిగిపోయిన నిమిషం కంప్యూటరులో నమోదవుతాయి. ఏడు గంటలు నిలబడితే ఏడు గంటల డబ్బు. మైదానంలో ఉన్న కుర్రవాడికీ ఎన్‌సీఏఏ నిబంధనల్లో వారానికి 20 గంటల పరిమితే. సూర్యోదయానికి లేచి, బస్సెక్కి, కట్లు కట్టించుకుని, ఆడి, దెబ్బలకు ఐసుగడ్డలు పెట్టించుకుని రాత్రికి గది చేరినా సరే, మ్యాచ్ రోజుకు అతని ఖాతాలో రాసేది మూడు గంటలు.