బయానా బేరంలో మనమూ దళారులమేనా?

భూములు పోయినయని ఏండ్ల తరబడి గొంతు చించుకున్నం. ధర్నాల్లో కూసున్నం. దళారులను పేరుపేరునా తిట్టినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఐదేండ్లు తిరిగినయో లేదో, 2019లో మేమే దళారులమైనం. ఈ మాట రాయడానికి సిగ్గయితున్నది. అయినా రాస్తున్నం. ఎందుకంటే ఇయ్యాల కూడా హాస్టల్ గదుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో ఇదే బేరం నడుస్తున్నది.

మేం నలుగురం. ఇద్దరం ఉద్యోగులం, ఇద్దరం నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసెటోళ్లం. ఉండేది హనుమకొండ. బేరం చేసింది నూటయాభై కిలోమీటర్ల అవతల, ఫిల్మ్‌నగర్‌లో. మధ్యవర్తి లెక్క సులువుగా చెప్పిండు. 120 గజాల జాగ. 8 లక్షల బయానా. 90 రోజుల గడువు. ఆలోపు ఇంకొకరిని పట్టుకొని గజానికి 4 వేలు ఎక్కువకు అగ్రిమెంటు మార్చేస్తే 4 లక్షల 80 వేలు మిగులుతయి. కొనేది లేదు, రిజిస్ట్రేషన్ లేదు, జాగ కాడికి పోయేది కూడా లేదు. ఫోటోలు ఫోన్‌కే వస్తయన్నడు.

వచ్చినయి. బండరాళ్లు, వెనుక అద్దాల మేడ, నీలం ఆకాశం. చూసి మురిసిపోయినం. తలా 2 లక్షలు వేసుకున్నం. ఒకరు జీపీఎఫ్‌లో అప్పు తీసిన్రు. ఒకరింట్ల పుస్తెలతాడు కుదువకు పోయింది. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని మీద నోటరీ ముద్ర. దాన్నే పట్టా అనుకొని బీరువాలో దాచుకున్నం.

రెండో నెలలో కొనెటాయన ఒకరు దొరికిండు. ఆయన మా అసొంటోడు కాదు, పోయి జాగ చూసిండు. సాయంత్రం ఫోన్ చేసి ఒక్కటే మాట అన్నడు: ‘అండ్ల మనుషులున్నరు గద సార్!’

అప్పుడు పోయినం. ఫోటోలో కనబడని మూలన రేకుల ఇల్లు. సినిమా షూటింగుల్లో లైట్లు మోసే కార్మికుని కుటుంబం. ఆ ఇంటి ముసలమ్మ మంచినీళ్లిచ్చి, ‘కొన్నోళ్లా బిడ్డా, అమ్మెటోళ్లా?’ అని అడిగింది. ఏం చెప్పాలె? మేం కొననూ లేదు, అమ్మడానికి మాకేమీ లేదు. ఆమె దగ్గర దరఖాస్తు రసీదున్నది. సర్కారు జాగలో 125 గజాల లోపు ఇల్లేసుకొని ఉంటున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తమని 2014 డిసెంబర్‌లో ఇచ్చిన జీవో 58 కింద పెట్టుకున్నది. అంటే అది సర్కారు జాగ. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదని తర్వాత తెలిసింది. అదే జాగకు మాకన్నా ముందు ఇంకొకరు అగ్రిమెంటు రాసుకున్నరని కూడా తెలిసింది. గడువు తీరింది. బయానా మునిగింది. మధ్యవర్తి ఫోన్ బంద్.

పోయిన పైసల గురించి ఏడ్వడం లేదు. మేం అడిగేది వేరే. ఆ బేరం కుదిరి ఉంటే ఏమయ్యేది? మా చేతికి 4 లక్షల 80 వేలు వచ్చేవి. ఆ ముసలమ్మ నెత్తి మీది రేకు పోయేది. దాన్ని కూడా తెలివి అనుకునెటోళ్లం!

‘వ్యాపారమన్నంక లాభనష్టాలుంటయి, తప్పేమున్నది?’ అని కొందరు మిత్రులంటున్నరు. వ్యాపారమంటే సరుకుండాలె. అమ్మకపు ఒప్పందంతో ఆస్తి మీద హక్కు రాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెప్తున్నది. అగ్రిమెంటు, జీపీఏ కాగితాలతో యాజమాన్యం చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లేని హక్కును చేతులు మార్చడం ఏం వ్యాపారం? అమెరికాలో దీన్ని హోల్‌సేలింగ్ అంటరు. అక్కడి ఇల్లినాయ్ రాష్ట్రం 2019లోనే, ఏడాదిలో ఒకటికి మించి ఇట్లాంటి బేరాలు చేస్తే లైసెన్సు ఉండాలన్నది. మన దగ్గర 2016 రెరా చట్టం రిజిస్టరైన ప్రాజెక్టుల ఏజెంట్లను పట్టుకుంటది. విడి ప్లాట్ల మీద నోటరీ కాగితంతో తిరిగెటోడు ఆ వలకు చిక్కడు.

ఈ జబ్బు ఒక్క ఫిల్మ్‌నగర్‌ది కాదు. ఒకనాడు షేక్‌పేట గుట్టలు మేకలు మేసిన రాళ్లు. 1960లలో జూబ్లీహిల్స్ సొసైటీ వచ్చింది. ఆ తర్వాత మద్రాసు నుంచి సినిమా వచ్చింది. స్టూడియోలకు, సినిమావాళ్ల ఇండ్లకు జాగలొచ్చినయి. పరిశ్రమ రావద్దని మేం అనం. అది వేలమందికి కూడు పెట్టింది. కానీ గుట్ట మీద మేడలు లేస్తే, లైట్లు మోసినోడు బస్తీలో రేకుల కింద ఎందుకుండాలె? 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఆ వార్త చదివి ప్రతి ఊర్లో ఒక నిరుద్యోగి బయానాకు పైసలు వెతుక్కుంటడు. ఒక్కొక్క చేయి మారినప్పుడల్లా గజం ధర పెరుగుతది. ఆ పెరిగిన భారం చివరికి ఎవని మీద పడతది? ఇల్లు కట్టుకుందామనుకునే చిరుద్యోగి మీద, అంటే మన మీదనే!

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! నేర్చుకున్నది చెప్తున్నం. మీ కాలు మోపని జాగకు మీ చేతితో పైకం ఇయ్యకండి. ఈసీ తీయండి, లింకు దస్తావేజులు చూడండి, 22-ఎ జాబితా చూడండి. అయితే ఒకటి యాదిలో పెట్టుకోండి. నోటరీ అగ్రిమెంటు ఈసీలో కనబడదు. మేం మునిగింది అక్కడనే. గడువు మీకు అవకాశం అనుకుంటరు, అది మీ మెడకు ఉరి. అన్నిటికన్నా ముందు, ఆ జాగలో ఎవరుంటున్నరో అడగండి.

సర్కారును కూడా అడుగుతున్నం. నోటరీ కాగితాల మీద భూముల బేరం బంద్ చేయాలె. అగ్రిమెంట్లు చేతులు మార్చెటోళ్లను కూడా రెరా కిందికి తేవాలె. బస్తీల దరఖాస్తులు తేల్చాలె.

భూమి కోసం కొట్లాడినోళ్లం. దానికి కమీషన్ ఏజెంట్లం కావద్దు.