మద్దెల ఓడా? ఆట రాదా?

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెతను మన పెద్దలు ఏ నాట్యగత్తెను చూసి పుట్టించారో గాని, దాని అసలు అర్థం నాకు బోధపడింది మాత్రం షూటింగ్ రేంజిలో.

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంచికకు ఏదైనా రాయమని వచ్చినప్పుడు, మాటల్లో మాటగా ఓ సంగతి చెప్పారు. మన కాలేజీలో పిస్టల్ షూటింగ్ మీద మోజు పెరిగిందట. పెరగకపోతేనే ఆశ్చర్యం! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్య పతకాలు తెచ్చింది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ అదే ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీకి దిగింది. "ఒక మంచి ఫారిన్ పిస్టల్ ఉంటే మనమూ కొట్టేవాళ్ళం మాస్టారూ" అన్నాడు వాళ్ళలో ఒక కుర్రాడు. ఆ "ఉంటే" దగ్గరే నాకు పేచీ.

నేనూ ఈ కాలేజీ విద్యార్థినే. ఆ రోజుల్లో ఒక క్లబ్బు పోటీలో .22 పిస్టల్‌తో నిలబడ్డాను. రెండు గుళ్ళు బాగానే పడ్డాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. ఆ సిరీస్ పోయింది, దాంతోపాటు నా నిబ్బరమూ పోయింది. తూటాలు పాతవన్నాను, పిస్టల్ డొక్కుదన్నాను, క్లబ్బువాళ్ళకి పట్టింపు లేదన్నాను. ఆయుధాల గది చూసే ముసలాయన అంతా విని, "ఇలా తే బాబూ" అని పిస్టల్ ఖాళీ చేసి, తెల్లగుడ్డ పేలికతో చాంబర్ తుడిచి చూపించాడు. కాటుకలా వచ్చింది. "ఇప్పటికి ఎన్ని గుళ్ళు కాల్చావు? ఎన్నిసార్లు తుడిచావు?" అన్నాడు. రెండింటికీ నా దగ్గర జవాబు లేదు.

జరిగిందేమిటో తర్వాత చెప్పాడు. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రాజేసే మందు ఇత్తడి గుల్ల అడుగు అంచు మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచుని చాంబర్ గోడకేసి నలిపితేనే మందు అంటుకుంటుంది. చాంబర్‌లో మసి, మైనం పేరుకుంటే తూటా పూర్తిగా లోపలికి దిగదు. పిన్ను దెబ్బ తూటాని ముందుకు నెట్టడానికే ఖర్చయిపోతుంది. పేలదు. అంటే మద్దెల ఓడు కాదు, మద్దెల మీద పేరుకున్న మురికి నాది!

ఇక ఎంపిక సంగతి. మన దేశంలో .22 పిస్టల్ లైసెన్సు కావలసిన ఆయుధం. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు దానికి వర్తిస్తాయి. కాబట్టి మన కుర్రాళ్ళు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక లైసెన్సున్న రేంజిలో, కోచ్ కళ్ళెదుట .22 పట్టుకోవడమే సరైన దారి అని నా ఉద్దేశం. ఆ రేంజిలో నాలుగు పిస్టళ్ళుంటే వాటిలో ఏది మనది? వాల్తర్, పార్దీని అంటూ పేర్లు చూడకండి. ముందు పిడి చూడండి. మణికట్టు మెలితిప్పకుండా, వేలి మొదటి కణుపు మెత్తటి భాగం తిన్నగా ట్రిగ్గర్ మీదికి రావాలి. చెక్క పిడి అయితే ఆకురాయితో అరగదీసి, లోటున్న చోట పుట్టీ పెట్టి చేతికి కుదుర్చుకోవచ్చు. ఎడమచేతి వాటం వాళ్ళకి కుడిచేతి పిడి ఇచ్చి గురి నేర్పడం, ఒకరి చెప్పులు మరొకరికి తొడిగి పరుగెత్తమనడమే.

తరువాత ట్రిగ్గర్. 25 మీటర్ల పోటీలో దాని బరువు 1000 గ్రాములకు తగ్గకూడదు. ఖాళీ పిస్టల్ గొట్టాన్ని నిలువుగా పైకి పట్టి, ట్రిగ్గర్‌కి కిలో తూకపురాయి తగిలించి లేపితే లేవాలి, ట్రిగ్గర్ విడవకూడదు. బరువు ఒక్కటే కాదు, ఎండుపుల్ల విరిగినట్టు ఒక్కసారిగా తెగాలి. ఆ తరువాత సైట్లు. ద్రోణాచార్యులు అడిగితే అర్జునుడు పిట్ట కన్ను మాత్రమే కనిపిస్తోందన్నాడు. పిస్టల్ గురువు దానికి ఒప్పుకోడు. ముందు సైటు స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ కాస్త మసకబారినా ఫరవాలేదంటాడు. అందుకని సైట్లు మీ కంటికి తేటగా ఉన్నాయో లేదో నిలబడి చూసుకోండి.

తూటాల్లో స్టాండర్డ్ వెలాసిటీ రకమే వాడండి. ఎక్కువ వేగం తూటాలు టార్గెట్ పిస్టల్‌ని అనవసరంగా కుదుపుతాయి. ఒక పిస్టల్‌కి నప్పిన రకం ఇంకో దానికి నప్పదు. రెండు మూడు రకాలు తెచ్చి, అయిదేసి గుళ్ళు కాల్చి, ఏవి దగ్గర దగ్గరగా పడ్డాయో చూడటమే పరీక్ష.

ఇప్పుడు పోషణ. ఏ పని మొదలుపెట్టినా ముందు మేగజైన్ తీసి, చాంబర్ ఖాళీ అని కంటితో చూడాలి. "ఖాళీయే" అని స్నేహితుడు చెప్పిన మాట చాలదు. కాల్చిన రోజే చాంబర్, బోల్టు ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం తుడవండి. గొట్టాన్ని వీలైనంతవరకు చాంబర్ వైపు నుంచే తుడవాలి. మూతి అంచుకి గీత పడితే గురి చెడుతుంది. మెత్తటి సీసపు గుళ్ళు వాడే ఈ గొట్టం త్వరగా అరగదు, మొరటుగా తోస్తే కడ్డీయే దాన్ని అరగదీస్తుంది. నూనె రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే మసిని పట్టి బంకవుతుంది. మేగజైన్ లోపల పొడిగానే ఉంచండి. మన సముద్రపు గాలికి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది కనుక, పైపైన సన్నటి నూనెపొర మాత్రం తప్పదు.

మరి మూడు మాటలు ప్రాణానికి సంబంధించినవి. తూటా పేలకపోతే మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, తర్వాతే తెరవండి. చప్పుడు బలహీనంగా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. రెండో గుండు కాల్చవద్దు, కోచ్‌ని పిలవండి. సీసం విషం కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టీ కప్పు ముట్టుకోండి. ఇంకొకటి: ఖాళీ రిమ్‌ఫైర్ పిస్టల్‌ని ఊరికే టిక్కుటిక్కుమనిపిస్తే చాలా రకాల్లో పిన్ను చాంబర్ అంచుని కొట్టి పాడుచేస్తుంది. తయారీదారు పుస్తకం ఒప్పుకుంటేనే ఆ సాధన.

"మాస్టారూ, ఎప్పుడూ ఆటగాడిదేనా తప్పు? నిజంగా మద్దెల ఓడవదా?" అని అడిగేవారుంటారు. అవుతుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ ఎయిర్ పిస్టల్ పోటీ మధ్యలోనే మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన సమయం పోయింది. 575 పాయింట్లతో, రెండే పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. అది ఆమె చేతకానితనం కాదు. సరిగ్గా ఇదే నా వాదన. యంత్రం అన్నాక ఎంత మంచిదైనా ఏదో ఒకనాడు చెడుతుంది. కాని రోజూ తుడిచి, లెక్క రాసుకున్నవాడికే తప్పు తనదో, పిస్టల్‌దో నిక్కచ్చిగా చెప్పే హక్కు ఉంటుంది. మిగతావాళ్ళది గొణుగుడు.

అందుకని సంఘానికి నా సలహా ఇది. క్రీడా నిధిలో ఉన్నదంతా ఒక్క ఖరీదైన పిస్టల్ మీద పోయకండి. రెండు ఎయిర్ పిస్టళ్ళు, ఎడమచేతి వాటం వాళ్ళకొక పిడి, రేంజి రుసుము, తూటాలు, తుడిచే సామాను, ఒక లెక్క పుస్తకం. ఎవరు ఎన్ని కాల్చారు, ఎన్ని పేలలేదు, ఎవరు తుడిచారు, అన్నీ అందులో రాసి సంతకం పెట్టాలి. అధ్యక్షుడైనా సరే, తుడవనివాడికి మర్నాడు పిస్టల్ ఇవ్వకూడదు.

దసరాకి ఆయుధపూజ చేసి పసుపు కుంకుమలు పెడతాం, మంచిదే. కాని ఆ ముసలాయన పూజ వేరు. పేలిక తెల్లగా వచ్చేదాకా తుడిచి, వెలుగుకి పట్టి చూసి, అప్పుడు పెట్టె మూసేవాడు. ఏడాది పొడుగునా, ప్రతి సాయంత్రం.